రెండుసార్లు తిప్పిన తీగ

డెన్మార్క్ పశ్చిమ తీరం, లెమ్విగ్ కాపురస్తుణ్ణి, ఒకప్పటి వడ్రంగం మేష్టర్ని, డెబ్బై తొమ్మిదేళ్ల ఎస్కిల్ టోఫ్ట్ అనే నేను, ఒకరు చెబితే కాక నా అంతట నేనే రాసుకున్న వీలునామా. బుద్ధి నిలకడగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. చెవుల సంగతి ఆయన రాయలేదు, నేను రాస్తున్నాను.

1. ఇల్లూ పడవా నా కూతురు సిస్సెల్‌కి సర్వహక్కులతో చెందవలెను. పడవ కారుతుంది. ఆ సంగతి పిల్లకి తెలుసు.

2. నేను కట్టిన టవర్ స్పీకర్ల జత. ఈ వీలునామాకి సామాను జాబితా రాద్దామని మంగళవారం వాటి వెనక పలకలు విప్పాను. తప్పు అప్పుడు కనబడింది. స్వరాల్ని విడదీసి ఒక్కో స్పీకరుకి పంచే బోర్డుని క్రాసోవర్ అంటారు. నేను వాడిన దానితో కింద మంద్రస్వరాల వూఫరూ, పైన మధ్యస్వరాల స్పీకరూ కలిసి పాడాలంటే వూఫర్ తీగలు ఒక్కసారి తారుమారు చెయ్యాలి. నేను బోర్డు మీద ఒకసారి, వూఫర్ దగ్గర మరోసారి చేశాను. రెండుసార్లు తిప్పితే తిప్పనట్టే. వూఫరూ, పై స్పీకరూ కలిసే స్వరాల దగ్గర ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి, పంతొమ్మిదేళ్లుగా! ఆ లోటు నేలకి తగిలి తిరిగొచ్చే మోతవల్లే అనుకుని నేను గచ్చుని తిట్టాను. వూఫర్‌ని జానెడు దించి, మూరెడు ఎత్తి, మూడు జతల పెట్టెలు కోశాను.

తప్పు మొదట పట్టినవాడు నా స్నేహితుడు హోల్గర్ క్రో. ఇంట్లో స్పీకర్లు కట్టుకునేవాళ్ల మా ఆదివారం బృందం అందరి ముందూ, "ఆడగొంతులు బోలుగా వస్తున్నాయి, తీగలు చూసుకోరా" అన్నాడు. కాఫీ సగంలో ఉండగానే వాణ్ణి బయటికి పొమ్మన్నాను. మళ్లీ పలకరించలేదు. కాబట్టి ఆ జత హోల్గర్‌కి చెందవలెను.

3. నా భార్య బోదిల్ చర్చిలో పాడిన టేపు సిస్సెల్‌కి. ఎప్పుడు వేసినా ఇది నా గొంతు కాదనేది బోదిల్. నేను టేపుదే తప్పనేవాణ్ణి. బుధవారం తీగలు సరిచేసి వేశాను. గదిలో బోదిల్ ఉంది. పోయి ఎనిమిదేళ్లయింది. బతికుండగా ఆవిడ గొంతు ఆవిడకి ఒక్కసారి కూడా వినిపించలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

4. క్రాసోవర్లకి రాగితీగ కాయిల్స్ చుట్టే మర మా బృందానికి. పక్కవాడి స్పీకరు బాగుందని జన్మలో ఒప్పుకోని ప్రెబెన్‌కి కూడా అందులో వాటా ఉంది.

5. హోల్గర్‌కి రాసినది రద్దు. కబురు పంపితే ఈ ఉదయం వచ్చాడు. బోదిల్ టేపు చివరిదాకా విన్నాడు. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి సంతకం చెయ్యకూడదని వకీలుగారు చెప్పగానే, అయితే సాక్షి సంతకం తనే పెడతానని కలం అడిగాడు. "అవి నా ఇంటికొచ్చాయంటే నువ్వు లేనట్టేగా. నాకొద్దురా. ఆదివారాలు నేనే ఇక్కడికొస్తాను" అన్నాడు. అందుచేత టవర్లు కూడా సిస్సెల్‌కే చెందవలెను.

లెమ్విగ్, 14 అక్టోబరు 2017

(సంతకం) ఎస్కిల్ టోఫ్ట్

సాక్షులు:
టోవె బ్రిక్స్, పక్కింటావిడ
హోల్గర్ క్రో