తనే ఫోకస్ చేసుకునే కెమెరా

2007 జనవరి 18, గురువారం

మదనపల్లె ల్యాబ్ నుంచి బస్సులో కవరొచ్చింది. పోయిన వారం పెళ్లి ప్రింట్లు. మా ఆయన స్టూడియో ముందుగదిలో ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాడు. నేను వెనకగదిలో ఆల్బమ్ అట్టలు సర్దుకుంటూ కవరు విప్పాను.

తలంబ్రాల ఫోటో. పెళ్లికూతురి వెనక గోడకున్న క్యాలెండరు, అంకెలతో సహా స్పష్టంగా ఉంది. పెళ్లికూతురు మసక. ఇంకొకటి తీశాను... అదీ అంతే. ఫోకస్ మనిషిని దాటి గోడ మీదికి పోయింది.

మంచివి ముందు పేజీల్లో, మసకవి వెనక పేజీల్లో. అతికించేది నేనే కదా. ఆయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, "ల్యాబోళ్లు సరిగా కడిగినట్టు లేదే" అన్నాడు. అవును, ఈమధ్య వాళ్ల పని బాగాలేదు అన్నాను. పాపం ల్యాబువాళ్లు!

జనవరి 21

శాంతిపురం నుంచి పెళ్లివాళ్లు. కాఫీ తాగారు, ఆల్బమ్‌లన్నీ తిరగేశారు (ముందు పేజీలే చూడాలని నా ఆరాటం). లేవబోతూ, "డిజిటలేనా అన్నా?"

"రీలే అప్పా. రీలుకుండే కళ దానికి యాడొస్తాది?"

మళ్లీ వస్తామన్నారు. వచ్చే ముఖాలు కావు అవి.

జనవరి 22

రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. దసరాకు ముందు మదనపల్లెలో కంటి డాక్టరమ్మ చెప్పింది. ఆయన షుగరు కంటి లోపలికి దిగిందట. అద్దాలు మార్చినంత మాత్రాన సరిపోదట. ఉన్న చూపును కాపాడుకోవాలి, మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాలి అంది. తిరుగు బస్సులో ఇద్దరం వేరుశనక్కాయలు తిన్నాం. పొట్టు కిటికీలోంచి పారేస్తూ ఏవేవో మాట్లాడుకున్నాం, ఆ ఒక్క సంగతి తప్ప. ఇవాళ్టికీ మాట్లాడలేదు. మళ్లీ పోలేదు కూడా.

ముహూర్తం ఫోటో తీసేవాడికి కన్ను సరిగా ఆనదని ఊళ్లో తెలిస్తే ఎవరు పిలుస్తారు? ఆ భయం ఒకటి. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. మెడలో కెమెరా లేకుండా ఆయన ఎట్లుంటాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

జనవరి 25

మునెప్ప ఫోన్ చేశాడు. ఆయనా మునెప్పా ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. మునెప్పది ఇప్పుడు కుప్పంలో స్టూడియో. రామకుప్పంలో పెళ్లి, ఫిబ్రవరి పదకొండు, ఆ రోజు తనకు ఇంకో పెళ్లి ఉందట. "నువ్వు పో రెడ్డెప్పా. ఒకటే మాట, డిజిటలే కావాలంటాండారు."

ఆయన 'ఊ' అనేశాడు. చేతిలో డిజిటల్ కెమెరా లేదు, ఊ అనేశాడు! ఫోన్ పెట్టి నన్ను చూసి నవ్వుతున్నాడు, చిన్నపిల్లాడు కిటికీ అద్దం పగలగొట్టి వచ్చినట్టు.

చీటీ డబ్బు ఉంది. అందులో ఏది వస్తే అదే కొనాలి. కొత్తింటి గోడలకు పూత వచ్చే ఏడాది.

పోయినసారి వచ్చినప్పుడు మునెప్ప తన డిజిటల్ కెమెరా గురించి అన్న మాట నా చెవిలోనే ఉంది. "బొత్తాం సగం నొక్కితే సాలు వదినా. అదే సూసుకుంటాది. సూసుకొని కీచుమంటాది."

అదే సూసుకుంటాది...

జనవరి 28, ఆదివారం

మదనపల్లె. కెమెరా షాపు. ఏసీ గదిలో అద్దాల అలమరాలు. ఆయన చొక్కా కొత్తది, వద్దన్నా వినకుండా ఇస్త్రీ చేయించుకున్నాడు.

షాపతను మంచివాడే. విడమరిచి చెప్పాడు. లెన్సుతో సహా కొంటే ఇంత. ఆ మాట వినగానే ఆయన నా వైపు చూశాడు, నేను చేతిసంచీ వైపు చూశాను. అందదు. "మీ దగ్గర పాత లెన్సులుండాయి గదన్నా, బాడీ ఒకటే తీసుకోండి. బాగా తగ్గుతాది. మీ లెన్సు దీనికి ఎక్కుతాది."

ఆయన ముఖం వెలిగిపోయింది. పాత లెన్సు సంచీలోంచి తీసి ఎక్కించుకున్నాడు. టక్కుమని కూర్చుంది.

"అది తనే ఫోకస్ చేసుకుంటుందా అప్పా?" అడిగాను.

"పాత లెన్సయితే సేసుకోదక్కా. సేత్తో తిప్పుకోవాల్సిందే."

"సేత్తో తిప్పేది నాకేమన్నా కొత్తా?" అని ఆయన. షాపంతా వినేటట్టు.

ఎందుకు అడుగుతున్నానో ఆయనకు తెలుసు. తెలిసిన సంగతి నాకూ తెలుసు. నలుగురి ముందు ఇద్దరం తెలియనట్టు నిలబడ్డాం. రేపొచ్చి తీసుకుంటామని చెప్పి బయటపడ్డాం. బస్సులో ఆయన కిటికీ వైపు, నేను కండక్టరు వైపు.

జనవరి 29

రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ. తిన్నాడు. మదనపల్లెకు పోలేదు.

జనవరి 30

ఇవాళా పోలేదు. పాత లెన్సు తుడుస్తూ కూర్చున్నాడు, మచ్చ లేని చోట కూడా.

ఫిబ్రవరి 1

మునెప్ప ఇంకా పెద్దది కొంటున్నాడట. తను వాడినది అమ్మేస్తాడట, లెన్సుతో సహా. తనే ఫోకస్ చేసుకునే లెన్సు! మన డబ్బుకు సరిగ్గా సరిపోతుంది.

ఇక దీన్ని ఆయన చెవిన ఎట్లా వెయ్యాలి? పొద్దున్నుంచీ అదే ఆలోచన. కూర మాడింది.

సాయంత్రం మెల్లిగా ఎత్తాను. పెళ్లి ఇంకో పదిరోజుల్లో ఉంది, కొత్తదైతే నేర్పేదెవరు, మునెప్పదైతే మునెప్పే చూపిస్తాడు కదా అన్నాను.

"కొత్తదొస్తాంటే పాతది యాలే?"

"మునెప్పది బరువంట. బరువైతే చెయ్యి కదలదని నువ్వే అంటావు గదా."

నా ముఖంలోకి చూశాడు. దొంగను పట్టుకున్న చూపు కాదు. దొంగతో పాటు నడుస్తున్నవాడి చూపు.

"సరేలే. ఆదివారం పోదాం."

పెళ్లయిన కొత్తలో కూడా ఈ మనిషి మీద నాకింత ప్రేమ పుట్టలేదు. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

ఫిబ్రవరి 4, ఆదివారం

కుప్పం. మునెప్ప ఇంటి అరుగు మీద వాళ్లమ్మ అనపకాయలు ఒలుస్తోంది. కెమెరా పట్టుకునే చోట రబ్బరు అరిగి నున్నబడింది. ఒకమూల చిన్న దెబ్బ. "ఒగ పెండ్లిలో కిందపడింది అన్నా, ఏమీ కాలేదు" అని మునెప్ప దాచకుండా చెప్పాడు.

ఆయన కన్ను ఆనించాడు. మునెప్ప పక్కన చేరి, "మధ్యలో సుక్కలుంటాయి సూడు. ఎర్రగా ఎలిగిన సుక్క యాడుంటే, ఆడ ఫోకసు."

కీచ్.

ఆ శబ్దానికి ఆయన ఉలిక్కిపడి కెమెరా దించేశాడు. మేమంతా నవ్వాం. "ఏందిరా ఇది, ఎలుక పిల్ల!" మళ్లీ ఎత్తాడు. మునెప్పవాళ్లమ్మ "నన్ను యాలప్పా, ముసిల్దాన్ని" అంటూనే కొంగు సర్దుకుంది. తీశాడు.

వెనక తెర మీద ఫోటో. దగ్గర పెట్టుకుని చూశాడు. దూరం జరిపి చూశాడు. ఎండకు చేయి అడ్డం పెట్టి చూశాడు. తర్వాత నా చేతిలో పెట్టాడు.

"ఎట్లొచ్చిందో సూడు."

ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగింది ఇవాళే. వేళ్ల మధ్య పచ్చటి కాయ, గోరు సందున మట్టి, ముఖం మీద ముడతలు... అన్నీ ఉన్నాయి. "వచ్చింది. బాగా వచ్చింది" అన్నాను. నిజమే చెప్పాను.

కొనేశాం.

ఫిబ్రవరి 7

కనపడినవాళ్లందరికీ కీచ్. పాలాయనకు కీచ్, ఎదురింటి పొట్టి ఆవుకు కీచ్. ఆవు ముట్టె కోసం గురిపెడితే చుక్క పోయి వెనక మేత వేసే గాటిపాటు మీద కూర్చుంది. రెండో రోజుకు ముట్టె దొరికింది. ఆ ఎర్రచుక్కను ఎక్కడ పెట్టాలో మనిషే చూసుకోవాలి. కెమెరా అన్నీ చూసుకోదు. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 9

లైటు పట్టేవాళ్లు ఎవరూ దొరకలేదట పదకొండుకు. నేను వస్తానన్నాను. "నువ్వా?" అన్నాడు. వద్దనలేదు.

ఫిబ్రవరి 12, సోమవారం

నిన్న రామకుప్పం. ఒళ్లు నొప్పులు, అయినా రాయాలి.

ముహూర్తానికి ముందు బంధువుల గొడవ. ప్రతివాళ్లూ ఫోటో, ప్రతివాళ్లూ ఫోటో. రీలు కాలంలో ఇట్లాంటప్పుడు ఉత్త ఫ్లాషే. వెలుగు పడుతుంది, రీలు ఖర్చు కాదు, వాళ్లకు తృప్తి. ఫోటోగ్రాఫర్లంతా చేసేదే. పెళ్లికొడుకు చినమామ పంచె సర్దుకుని, మీసం దువ్వుకుని నిలబడ్డాడు. ఫ్లాష్ వెలిగింది. చినమామ దగ్గరికొచ్చి, "యాదీ, సూపియప్పా!"

తెర మీద చినమామ లేడు. అంతకు ముందు తీసిన అరటి గెల ఉంది.

అలవాటు చొప్పున మా ఆయన ఫ్లాష్ బొత్తాం ఒక్కటే నొక్కేశాడు! చినమామ తెరను చూస్తాడు, మా ఆయనను చూస్తాడు. "ఇందులో నేను యాడుండా?" నవ్వు ఆపుకోలేక నేను లైటు స్టాండు వెనక్కి పోయాను. మళ్లీ నిలబెట్టి నిజంగా తీశాడు. ఇంక ఎవరికీ ఉత్త ఫ్లాష్ కొట్టే పనిలేదు. పొట్టకూటి కోసం చేసినదే అయినా నాకెప్పుడూ అది మనసొప్పేది కాదు.

తర్వాత తాళి. మేళం గట్టిగా. పందిట్లో పొగ. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. మొదటి ముడి.

కీచ్. తీశాడు.

నేను ఆయన మోచేతి పక్కనే ఉన్నాను. తెర మీద ఫోటో వచ్చి నిలబడింది. వెనకున్న మేనత్త నెక్లెసు, ఒక్కో రాయి లెక్కపెట్టొచ్చు. తాళీ, వేళ్లూ, పెళ్లికూతురి మెడా... మసక.

ఆయన తెర చూడలేదు. చూసినా తెలియదు. ఇంకా రెండు ముళ్లున్నాయి. ఇంటికి పోయాక వెనక పేజీలో అతికించడానికి ఇది చీర చెంగు ఫోటో కాదు, తాళి. చెప్తే ఏమనుకుంటాడు? చెప్పకపోతే?

చెవి దగ్గరికి వంగి అన్నాను. "కిందికి. కొంచెం ఎడమకు. చేతుల మీద పెట్టు చుక్క."

భుజం బిగుసుకుంది. అంతే, ఒక్క క్షణం. తర్వాత కెమెరా మెల్లిగా కిందికి, ఎడమకు కదిలింది. కీచ్. రెండో ముడి. తెర మీద రెండు బొటనవేళ్లు, పసుపుతాడు, పసుపు పొడి రేణువులతో సహా.

కన్ను తీయకుండానే అన్నాడు. "ఇంకొగటుండాది. సెప్పు."

చెప్పాను. మేళం మోతలో ఎవరికీ వినపడలేదు. నా కళ్లనీళ్లు పొగ వల్లే అనుకుని ఉంటారు.

ఫిబ్రవరి 13

ఆల్బమ్‌కు ఫోటోలు తెర మీదే ఏరుతున్నాను. ఈసారి వెనక పేజీలకు పెద్దగా పని పడలేదు. ఒకటీ అరా.

మదనపల్లె పోదామా అన్నాను. డాక్టరమ్మ దగ్గరికి అని అనలేదు. "ప్రింట్లకు పోవాల గదా, పోదాం" అన్నాడు. అట్లయినా సరే. బస్సు దిగాక చూసుకుందాం.

ఫిబ్రవరి 14

మధ్యాహ్నం గిరాకీ లేదు. కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. "నువ్వూ నేర్సుకో. ఎప్పుడైనా పనికొస్తాది." ఆ 'ఎప్పుడైనా' గురించి నేను అడగలేదు.

స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు, వెలుతురు చెంప మీద పడేటట్టు. నిలబడే పద్ధతి తనకు తెలుసు కదా. బరువుగానే ఉంది కెమెరా. కన్ను ఆనించాను. సగం నొక్కాను. చుక్క ఆయన కంటి మీద ఎర్రగా వెలిగింది. కీచ్.

ఇన్నాళ్లూ ఆయన తీసిన ఫోటోలే చూశాను. ఆయన్ని ఇట్లా చూడలేదు. మీసంలో ఎంత తెలుపు. నవ్వుతున్నాడు. చూపు మాత్రం నా భుజం పక్కగా, గోడ వైపు పోతోంది.

"కొంచెం ఇటు చూడు" అన్నాను.

"ఇటే గదే సూస్తాండేది" అన్నాడు.