దుర్గ చేతి కొలతలు

పాలకొల్లు

రాజమండ్రి మీటర్ల కంపెనీ ఇంజనీరు శరత్‌చంద్ర గారికి రొయ్యల రైతు వీరవెంకటసత్యనారాయణ నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని తిప్పుతున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చెరువు నీళ్లలో ఆక్సిజన్ చూసే మీ మీటరు ఇటుకరాయిలా ఉందండి. చెరువు చూసుకునేది మా అమ్మాయి వెంకటదుర్గ. ఆమె తడిచేతిలోంచి జారి రెండో మీటరు కూడా నీళ్లలో పడింది. ఆక్సిజన్ పడిపోయినా తెలియకపోతే రొయ్యలు మొత్తం పోతాయి. చేతిలో ఇమిడేది ఉంటే పంపండి.

ఇట్లు,
వీరవెంకటసత్యనారాయణ

తా.క.: పడిన మీటరు చెరువు అడుగున ఇంకా కుయ్‌కుయ్ మంటోంది. రొయ్యలు బెదురుతున్నాయి.

రాజమండ్రి

గౌరవనీయులైన సత్యనారాయణ గారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డానండి. ఆ మీటరు మగవాళ్ల చేతులను బట్టి చేసింది. ఇప్పుడు ఆడవాళ్ల చేతికి సరిపోయేది తయారుచేస్తున్నాను. వెంకటదుర్గ గారి గాజుల సైజు, ఉంగరపు వేలి చుట్టుకొలత, అరచేతి వెడల్పు దయచేసి పంపండి. ఎంత తొందరగా పంపితే అంత మంచిది.

భవదీయుడు,
శరత్‌చంద్ర

తా.క.: ఆమెది ఎడమచేతివాటమైనా నాకేమీ అభ్యంతరం లేదు.

పాలకొల్లు

శరత్‌చంద్రకు,

మీ ఉత్తరం చూసి నిర్ఘాంతపోయాను. మా ఆవిడ సూరమ్మ ఆ ముక్క మళ్లీ చదవమంది. మీటరు అడిగితే ఉంగరం కొలత అడుగుతారా? గాజులూ ఉంగరాలూ అడగడానికి పెద్దవాళ్లు రావాలి, పళ్లూ పూలూ తేవాలి. మీ ఇంటిపేరేంటో కూడా మాకు తెలియదు. అమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు. మీటరు అవసరం మాది గనక కొలతలు వెనక పేజీలో రాశాను. చూశాక మీకే తెలుస్తుంది.

ఇట్లు,
ఆడపిల్ల తండ్రి

తా.క.: మీ నాన్నగారి పేరూ, ఊరూ రాయండి. ఊరికే, తెలుసుకుందామని.

రాజమండ్రి

అయ్యా సత్యనారాయణ గారూ,

మీ ఉత్తరం చదివాక నాకు చెమటలు పట్టాయి. నాకు పెళ్లయిందండి. పాలకొల్లు నుంచి పోలవరం దాకా ఎందరో ఆడవాళ్లను ఇలాగే అడిగాను, ఒక్కరూ కాదనలేదు. మా ఆవిడ హైమే దగ్గరుండి అన్నీ రాసుకుంటుంది.

ఇక వెంకటదుర్గ గారి కొలతలు చూసి మా ఆఫీసంతా అవాక్కయ్యాం. అయినా ఎవరి చేయి వారిది. మిగతావాళ్లందరి లెక్కలూ పక్కనపెట్టి, ఆమె ఒక్కరి కోసం ప్రత్యేకంగా చేయించి పంపుతున్నాను.

వినయంతో,
శరత్‌చంద్ర

తా.క.: ఆ సైజు గాజులు ఏ షాపులో దొరుకుతాయో మా ఆవిడ అడగమంది.

పాలకొల్లు

శరత్‌చంద్ర గారికి, హైమ గారికి నమస్కారాలు.

మీటరు అందింది. దుర్గ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూసింది. చెప్పక తప్పలేదు. ఎవరో కుర్రాడు పిల్ల వెంట పడుతున్నాడనుకుని, చూసి బెదిరిపోతాడని నా చేతి కొలతలు పంపానండి.

దుర్గ మీటరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎంత చక్కగా ఇమిడిందో చెప్పలేను, మీ పనితనం గొప్పది. అప్పుడు అంది, "నాన్నా, నీకోసమే చేసినట్టుంది. ఇక చెరువు నువ్వే చూసుకో" అని.

తెల్లారకముందే నడుంలోతు నీళ్లలో ఉంటున్నాను. చలికి పళ్లు టకటకమంటున్నాయి. ఈసారి నిజంగా అమ్మాయి చేతికి సరిపోయేది పంపి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
వీరవెంకటసత్యనారాయణ

తా.క.: కొలతలు ఈ ఉత్తరంలో పెట్టలేదు. దుర్గ స్వయంగా రాసి పంపుతుందట. తొందరేమీ లేదంటోంది.