కుడివైపు గడి ఖాళీ

జూలై 7, సోమవారం
దస్తూరీ బాగుండదు, తప్పులుంటాయి, మన్నించాలి. ఊరి బడిలో నాలుగో తరగతి వరకే. పంతులు నేర్పింది ఉత్తరం రాయడం ఒక్కటే. అందుకే ఏ కాగితం ముట్టినా ముందు ఈ మాటే వస్తుంది. నోట్‌బుక్ మనవరాలు శ్రావణిది. ఫెయిర్ చేసుకుందట, ఇది చిత్తు. సగం ఖాళీ. నర్సు చదువు నాలుగేళ్ళు అయింది, ఉద్యోగం కూడా చేసింది. ఇప్పుడు మళ్ళీ ఎమ్మెస్సీ అట — మతి చెడినవాళ్ళకు నర్సు. ఇంకో రెండేళ్ళు. దేనికి? పక్కన కూర్చోవడానికి.

జూలై 8
రోగి దగ్గర మాట్లాడకుండా కూర్చోవడం కూడా వైద్యమేనట. పుస్తకంలో ఉందట. పుట్టినప్పటి నుంచి నేను చేస్తున్నది అదే... నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు.

జూలై 10
శ్రావణికి దవాఖానలో ఒక రోగిని అప్పజెప్పారు. ముసలివాడు, రోడ్డు మీద దొరికాడు. పేరు తెలియదు. మూడు వారాలుగా ఒక్క మాట లేదు. రోజూ అరగంట అతని ముందు కూర్చుని రాయాలి — ఎడమ గడిలో తను అన్నది, కుడి గడిలో అతను అన్నది. ముందు పేజీలు తిప్పి చూశాను. ఎడమ గడి నిండా మరాఠీ, ఈ సోలాపూర్ భాష. ఈరోజు ఎలా ఉంది బాబా, అన్నం తిన్నారా బాబా. కుడి గడి ఖాళీ. ఖాళీ గడి కింద ఆమెకు చదువు చెప్పే మేడమ్ 'గుడ్' అని రాసి సంతకం పెట్టింది. ఇంగ్లీషులో నాకు తెలిసిన ఒక్క మాట అది.

జూలై 11
21న, సోమవారం, అతన్ని పెద్ద పిచ్చాసుపత్రికి పంపేస్తారట. పేరు లేకుండా అక్కడికి పోయినవాడు మళ్ళీ బయటికి రాడని శ్రావణి అన్నం ముట్టలేదు. ఇంత చదివి ఏడుపు నేర్చుకుంది.

జూలై 13, ఆదివారం
మధ్యాహ్నం. కోడలు బీడీల చాట పక్కన పెట్టి జొన్నరొట్టె వడ్డించింది. ఆ ముసలివాడు ఏం చేస్తాడో శ్రావణి తన తల్లికి చేసి చూపించింది. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. కుడిచెయ్యి ఎత్తి చూపుడువేలు గిర్రున తిప్పుతాడు. రోజంతా అదే. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుందట. మేడమ్ బోర్డు మీద రాసిందట.
నా చేతిలో రొట్టె ఆగిపోయింది.
కండె అయిపోయింది, కండె ఇయ్యి. అంతే. నూలు చుట్టిన కండె. సాంచాలు, అదే మరమగ్గాలు, నడుస్తుంటే నోరు పగిలేలా అరిచినా వినపడదు. కార్ఖానాలో పెదవులతోనే మాట, వేళ్ళతోనే సైగ. కుంఠా నాకా కార్ఖానాలో నలభై ఏళ్ళు నేను తిప్పిన వేలు అది. కండెలు చుట్టే ఆడవాళ్ళు అంత దూరం నుంచే చూసి తెచ్చేవాళ్ళు.
ఇంత చదువుకు తెలియలేదు.

జూలై 14
చెప్పలేదు. నోటి దాకా వచ్చింది... మింగాను. పోయిన నా భార్య అనేది, నీ మాట నోట్లనే ముసలిదైతది అని.

జూలై 15
చెప్పాను. చాయ్ తాగుతుంటే. శ్రావణి కప్పు కింద పెట్టేసింది.
"మొన్ననే తెల్సు గదా తాతా. ఎందుకు చెప్పలే?"
"నువ్వు అడగలే."
"నిన్నేం అడగాల్నో నాకెట్ల తెలుస్తది?"
అది కూడా చదువులో లేదన్నమాట. చెవి చూశారా అన్నాను. టార్చి వేసి చూశారట, బాగానే ఉందట. సాంచాల చెవుడు టార్చికి కనపడుతుందా. చెవిటివాడి ముందు మూడు వారాలు మెల్లగా, మర్యాదగా మాట్లాడారు.
నన్ను దవాఖానకు రమ్మంది. రానన్నాను.

జూలై 16
పిచ్చోళ్ళ దవాఖాన మెట్లెక్కితే మా నీలం నగర్‌లో ఏమనుకుంటారని కోడలు. శ్రావణి నావైపు చూసింది. కొత్త మనుషుల ముందుకు పోవాలంటే నాకు జంకు. ఆమెకు తెలుసు. అయినా చూసింది.

జూలై 18, శుక్రవారం
వెళ్ళాను. పాత కార్ఖానాకు పోయి ఒక కండె అడిగి జేబులో వేసుకున్నాను. మేడమ్ పెన్ను పట్టుకుని నిలబడింది. ఆజోబా — తాతా అని — కాస్త గట్టిగా మాట్లాడండి అంది. ఆమె వైపు చూడలేదు.
అతని ఎదురుగా కూర్చున్నాను. వేలు తిరుగుతోంది. కండె అరచేతిలో పెట్టాను. వేలు ఆగింది. నూలు కొస వెతికాడు, గోటితో లాగాడు — పనివాడి చెయ్యి. అప్పుడు నా ముఖం చూశాడు.
ఏ కార్ఖానా అన్నా? పెదవులతోనే అడిగాను.
అతని పెదవులు కదిలాయి. 'మాలక్...' ఇంకేదో అనబోయాడు. ఇంతలో మాత్రల బండి మా ఇద్దరి మధ్యకు తోశారు. వేళ అయిందట.
ఏమన్నాడు, ఏమన్నాడు అని మేడమ్. శ్రావణి అడగలేదు. నేను పెదవులతో మళ్ళీ అన్నది చూసి కుడి గడిలో రాసింది. మాలక్. నాకన్నా అధ్వానం ఆ దస్తూరీ.

జూలై 19
మాత్ర వేసి పడుకోబెట్టారు, రోజంతా నిద్ర. కండె దిండు కింద పెట్టుకున్నాడట. పేరో ఇల్లో తెలిస్తే పంపడం ఆపుతానన్నాడట డాక్టర్. ఏ మాలక్, ఏ యజమాని? సోలాపూర్‌లో కార్ఖానాకొక మాలక్.
ఆదివారం నుంచి మంగళవారం దాకా నోరు మూసుకున్నది నేను. శుక్రవారం దాకా జంకి ఇంట్లో కూర్చున్నది నేను. మేడమ్‌ను అని ఏం లాభం. చవట.

జూలై 20, ఆదివారం
రేపు పదింటికి అతన్ని తీసుకుపోయే బండి. తొమ్మిదింటికి నన్ను లోపలికి పంపుతారు. అద్దం ముందు కూర్చుని పెదవులు కదిపి చూసుకుంటున్నాను. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది. పెళ్ళికి ముందు తనూ కండెలు చుట్టింది.
"మీసాల కింద ఏం కనపడ్తలేదు మామా" అని రేజర్ తెచ్చి ముందు పెట్టింది.
తీసేశాను. బోడి ముఖం... పర్వాలేదు.
అడగాల్సినవి మూడే. శ్రావణి ఎడమ గడిలో ఇప్పుడే రాసి పెట్టింది. నేను చెప్పినట్టే, నా మాటల్లోనే.
అన్నా, నీ పేరేంది. ఏ పేటల ఉంటవు. ఇంట్ల ఎవరున్నరు.
కింద కొంచెం చోటుంది. అది నేను రాస్తున్నాను.
బయట బండి నిలబడి ఉంటది అన్నా. జవాబు జల్ది ఇయ్యి.