మెట్ల మీద ఊపిరి

అమ్మాయి వాళ్ళమ్మకు,

నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. ఆసుపత్రిలో ఆయాసం తగ్గించుకునే పద్ధతి ఒకటి నేర్పారు. భుజాలు వదులు చేసి, నోరు మూసుకుని ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. తర్వాత ఈల వేసేవాడిలా పెదవులు సున్నా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు నిదానంగా వదలాలి. బలంగా ఊదకూడదు. అప్పటికీ తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

నిన్న వ్యాయామం చేయించే అమ్మాయి నన్ను మెట్లెక్కించింది. సగంలోనే ఊపిరి అందలేదు. భయమేసి రెయిలింగ్ పట్టుకుని, "నావల్ల కాదు తల్లీ, చక్రాల కుర్చీ తెప్పించు" అన్నాను.

"తెప్పిస్తాను గానీ, ముందు ఈల వేయండి తాతగారూ" అంది.

"ఇంట్లో ఈల వేస్తే మా ఆవిడ గరిటె పట్టుకొస్తుందమ్మా" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను పెదవులు చుట్టి వదులుతూ నిలబడ్డాను. కాసేపటికి గుండెల మీద బరువు దిగినట్టయింది. కుర్చీ వచ్చేసరికి పై మెట్టు మీద ఉన్నాను.

నేను గడియారాలు బాగుచేసే మేడ మీది పనిబల్లను కిందికి దింపించమని అబ్బాయి నీతో అన్నాడట. దింపించకు. ఆ గడియారాల మధ్య కూర్చోకపోతే నాకు పొద్దు గడవదు. మెట్ల మలుపులో ఒక స్టూలు వేయించు, చాలు. నీళ్ళ మోటారు బాగయిందా? నీ మోకాళ్ళ మందు మానేయకు. పిల్లలకు నా ఆశీస్సులు.

శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. నేను మెట్లెక్కేటప్పుడు వెనకే రా, చెయ్యి మాత్రం పట్టుకోకు. పైకి చేరాక పట్టుకుందువుగాని.

మీ ఆయన