స్నానాలగది గోడకి ఎక్స్‌రే

నరసాపురం

అక్కా,

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి, ఏమనుకోకు. మేమంతా క్షేమం. స్నానాలగది గోడ నా వల్లే పెచ్చులూడుతోందని అత్తయ్యగారు అంటున్నట్టు రాశాను కదా. "గోదారంతా ఒంటిమీదే పోసుకుంటే గోడ నిలుస్తుందా అమ్మా?" అని రోజూ ఒకటే మాట.

మీ మరిదిగారు పనిచేసే కాలేజీలో మేడమ్ ఒకావిడ పాత గోడల ముక్కలకి ఎక్స్‌రే తీస్తున్నారు. గోడని క్రిములు తింటాయట! ఈయన మా పెచ్చు కూడా తీసుకెళ్లి ఇచ్చి, నన్నూ చూడ్డానికి రమ్మన్నారు. రొట్టెని కోసినట్టు పొరలుపొరలుగా కంప్యూటర్‌లో కనిపించింది. పైకి గట్టిగా ఉన్నచోట కూడా లోపలంతా సన్నటి దారులే.

"క్రిములేవండీ?" అని మెల్లగా అడిగాను.

"అవి ఇందులో కనపడవమ్మా, తిన్న దారులే కనపడతాయి. ఇంత తినాలంటే ఏళ్లు పడుతుంది" అన్నారు మేడమ్.

నేను కాపురానికొచ్చింది మొన్న శ్రావణంలోనే కదా!

అయినా అత్తయ్యగారికి చెప్పొద్దని మీ మరిదిగారితో అన్నాను. అది పోయిన మామయ్యగారు తన చేత్తో కట్టిన గోడ. నువ్వొచ్చి ఆవిడని అడుగుతానన్నావు, అడగొద్దు.

మీ నూతి దగ్గర గోడకి నల్లమచ్చలున్నాయా? ఉంటే ఒక పెచ్చు పొట్లం కట్టి పంపు, లోపల ఎలా ఉందో చూడాలనుంది. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

వచ్చే నెల అత్తయ్యగారు మీ ఊరొస్తారు. ఈలోపే ఈ కార్డు పొయ్యిలో పెట్టెయ్యి.

నీ చెల్లెలు
వీరవేణి