వంటామె కూడా తినే చోటు

తమ్ముడూ,

క్షేమంగా ఇల్లు చేరాను. నీ దగ్గరున్నప్పుడు నీ చొక్కాలు ఉతుకుతుంటే జేబుల్లో బిస్కెట్ కాగితాలు దొరికాయి. కడుపులో పుండు పెట్టుకుని మధ్యాహ్నం అన్నం మానేశావన్నమాట. అడిగితే "బయట తిండి పడదక్కా, పడేది కొనలేను" అంటావని అడగలేదు.

నువ్వు ఆఫీసుకెళ్లాక నాలుగు రోజులు మీ ఆఫీసు చుట్టుపక్కల హోటళ్లు చూశాను. వంటవాళ్లు ఇంటినుంచి డబ్బా తెచ్చుకునే చోట నేను కూర్చోలేదు. వెనక సందులో, చెప్పులకొట్టు పక్కన చిన్న హోటల్లో, వంటామె అందరికీ వడ్డించిన కూరే తనూ తింటోంది. నేనూ తిన్నాను. కడుపు నిండింది, ధర నీకు అందేదే.

నీ సంగతి చెబితే, "పంపండక్కా, కారం వెయ్యకముందే అతనికి తీసి పెడతాను" అంది.

సోమవారం నుంచి ఒంటిగంటకు నేను దేవుడి ముందు కూర్చుంటాను. నువ్వు కంచం ముందు కూర్చో.

పెద్దక్క