అబద్ధపు దెబ్బలు

జూన్ 3, మంగళవారం

గుండె బాగుందట. ఈసీజీ, ఎకో, అన్నీ నార్మల్. మరి కొట్లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే చెమటలు పట్టి, గొంతు బిగిసి, చచ్చిపోతాననిపిస్తుందెందుకు? యాంగ్జైటీ అన్నాడు డాక్టరు. పనీపాటా లేనివాళ్ల జబ్బు. నరసన్నపేట బజార్లో ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. నాకెందుకొస్తుంది?

అమ్మాయి పద్మ విశాఖలో కూర్చునే నా ఫోన్లోకి ఏదో యాప్ ఎక్కించింది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్. ఎనిమిది సెషన్లు.

జూన్ 7, సాయంత్రం 4

కౌన్సెలర్ పేరు అనూరాధ. ఇరవై ఆరేళ్లుంటాయేమో. వెనక ప్లాస్టిక్ మొక్క. మీకెలా అనిపిస్తోందని పదకొండుసార్లు అడిగింది. ఊపిరి నాలుగంకెలు లోపలికి, ఆరంకెలు బయటికి అంది. నలభై తొమ్మిదేళ్లుగా ఎవరు నేర్పితే పీలుస్తున్నాను?

ఈమధ్య దగ్గరివాళ్లెవరైనా పోయారా అంది. లేదన్నాను.

జూన్ 10

చెల్లెలు కమల పోయి నేటికి నాలుగు నెలలు. ఆ పిల్లకెందుకు చెప్పాలి?

జూన్ 14, సాయంత్రం 5

ఈరోజు సరదా పుట్టింది. మా ఆయన కొడతాడని చెప్పాను. పిల్ల మొహం మారిపోయింది. నాకు ఊపొచ్చింది. బెల్టుతో అన్నాను. పొందూరు పంచె తప్ప కట్టని మనిషి జగన్నాధంగారు! చంపేస్తానంటున్నాడు, పెట్రోలు కూడా తెచ్చి పెట్టాడు అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి దానికి. చదువుకున్న గొర్రె. ప్రాణానికి ముప్పుంటే పోలీసులకు చెప్పాల్సి వస్తుందంది. చెప్పుకో అన్నాను. నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాను.

అదే రోజు, 8 గంటలు

పోలీసులొచ్చారు. ఎస్సై, ఒక మహిళా కానిస్టేబులు. కొట్టు నిండా జనం. ఆయన కందిపప్పు పొట్లం కడుతున్నారు. భార్యను కొడుతున్నావటగా అని ఎస్సై అందరిముందూ అడిగాడు.

అబద్ధమని నేను ఒక్క మాటంటే చాలు. అప్పుడే ఆ జబ్బు ముంచుకొచ్చింది, మాట పెగల్లేదు. కాటా పట్టుకుని నిలబడ్డాను. నా వణుకు ఆయనంటే భయమనుకుంది కానిస్టేబులు.

ఆయన పొట్లం కింద పెట్టి నావైపు చూశారు.

"అవును బాబూ, కొట్టినాను. ఆవిడినేటీ అడక్కండి, ఒంట్లో బాగోలేదు" అన్నారు.

జీపెక్కించి తీసుకుపోయారు.

జూన్ 15

తెల్లారగానే స్టేషన్‌కి పరుగెత్తాను. అంతా నా అబద్ధమన్నాను. ఎస్సై నమ్మలేదు. దెబ్బలు తిన్న ఆడవాళ్లందరూ మర్నాడు ఇదే మాటంటారట.

చివరికి ఆ గొర్రెకే ఫోన్ చేశాను. అరగంట ఏడ్చాను. విసుక్కోలేదు. ఎస్సైతో తనే మాట్లాడింది. మధ్యాహ్నం సంతకం పెట్టించుకుని వదిలారు.

ఎందుకొప్పుకున్నారని ఆటోలో అడిగాను.

"నాను కాదంటే నువ్వు అబద్దాలకోరువైపోతావు. జబ్బు మనిషివి, నలుగురూ అంటే పడలేవు. నన్నంటే ఏటవుద్ది?" అన్నారు.

ఆటో దిగుతూ, "బెల్టేటే? నాకు బెల్టెక్కడున్నాదే?" అన్నారు.

జూన్ 17

పక్కింటి దేముడమ్మ ఆయన చేతి పొట్లం అందుకోలేదు. నన్నిమ్మంది. ఆయన నన్నెప్పుడూ కొట్టలేదే అన్నాను. "ఊరుకోవే తల్లీ" అని నా వీపు నిమిరింది. అంతా జాలే.

ఇన్నాళ్లూ ఊరందరినీ ఈసడించుకున్నాను. ఇప్పుడు నన్ను నేనే ఈసడించుకునే వరస వచ్చింది.

జూన్ 21, సాయంత్రం

కమల తను పోయిన రోజు మూడుసార్లు ఫోన్ చేసింది. ఆవకాయ దగ్గర మాటామాటా వచ్చి, దాంతో మాట్లాడనని పంతం పట్టి ఉన్నాను. మూడుసార్లూ కట్ చేశాను. నాలుగోసారి దాని మొగుడు చేశాడు, గుండె ఆగిపోయిందని.

ఇది అనూరాధకి చెప్పాను. పక్కన కూర్చున్న ఆయన కూడా మొదటిసారి విన్నారు.

లేచి వెళ్లి, శనివారం బజారు వేళ, కొట్టు షట్టర్ దించేశారు. వచ్చి మళ్లీ నా పక్కన కూర్చున్నారు.